నిలిచిన అల, నడిచే నీరు

మార్చి తొలి రోజులు. రుద్రప్రయాగకు కొంచెం ఎగువన, మందాకిని ఒడ్డున, ఇంకా ఎండ దిగని వేళ. కొండల కొప్పుల మీద మాత్రం గడపకు పసుపు రాసినట్టు పలచని వెలుగు పాకుతోంది. లోయ అడుగునంతా నీలినీడ. మంచులో నానివచ్చిన గాలి చెంపలను కోస్తోంది. ఏటి నడుమ ఏనుగు కుంభస్థలంలాంటి నున్నని బండ ఒకటి, దాని రెండు పక్కలా నురగలు చిమ్ముతూ విరుచుకుపడుతున్న నీళ్లు, ఆ బండ కొసన గుప్పెడంత పిట్ట. వేయించిన కాఫీగింజ రంగు ఒళ్లు. కురచ తోక. మోకాళ్లు వంచుతుంది, లేస్తుంది. మళ్లీ వంచుతుంది, లేస్తుంది. వినాయకుడి ముందు గుంజిళ్లు తీసే పసివాడిలా ఉంది ఆ తీరు. ఉన్నట్టుండి ఆ పిట్ట బండ దిగి, మెట్లు దిగినంత తాపీగా, ఆ హోరులోకి నడిచి వెళ్లిపోయింది.

ఎగరలేదు, దూకలేదు, నడిచింది. ముందు కాళ్లు మునిగాయి, తర్వాత రొమ్ము, తర్వాత తల. మా నలుగురికీ ఊపిరి ఆగింది. నీళ్ల పల్చని చోట చూస్తే అడుగున గులకరాళ్ల మధ్య రెక్కలు సగం విప్పుకొని, ప్రవాహాన్నే ఆసరా చేసుకొని, ముక్కుతో ఒక్కో రాయినీ కదిపి చూస్తోంది. రాళ్ల కింద దాగిన పురుగులే దాని ఉదయపు ఆహారం. కంటి మీద సన్నటి మూడో రెప్ప, ఈకల నిండా నూనె, అంతే దాని సరంజామా. కాసేపటికి మరో బండ మీద తేలింది. ఒంటి మీద ఒక్క తడి మచ్చ లేదు. తామరాకు మీద నీటిబొట్లలా వెండిపూసలు జారిపోయాయి. మళ్లీ గుంజిళ్లు మొదలు. దీన్ని బ్రౌన్ డిప్పర్ అంటారు. హిమాలయపు ఏళ్లలో పుట్టి, తరచు జలపాతాల వెనకే గూడు కట్టుకొని, నురగల చప్పుడే జోలపాటగా పెరిగే పక్షి ఇది.

మా జీపు పైన తాళ్లతో కట్టిన నాలుగు కయాక్‌లు ఉన్నాయి: ఒకటి కుంకుమ రంగు, ఒకటి పసుపు, రెండు చిలకాకుపచ్చ. హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు, రబ్బరు దుస్తులు, రెండు వైపులా రెక్కలున్న తెడ్లు, ఇవన్నీ పోగేసుకొని మేం దిగబోయే నీళ్లలోకి ఆ పిట్ట ఒట్టి ఒంటితో దిగి వచ్చింది. రాజమండ్రి గోదావరి గట్టున పుట్టి పెరిగినవాళ్లం మేం. నది అంటే మాకు అవతలి ఒడ్డు కనపడని వెడల్పు, లంకలు, రేవులు, సాయంత్రపు రాగిరంగు నిదానం. పాపికొండల నడుమ మాత్రం ఆ గోదావరి నడుం చిక్కి, మాట తగ్గించి, లోతుగా సాగుతుంది. నది గురించి ఎంతోకొంత తెలుసనే అనుకున్నాం. హిమాలయాల్లో నది అంటే కూలుతున్న కొండే నీరైనట్టు ఉంటుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

మందాకిని రుద్రప్రయాగ దగ్గర అలకనందలో కలుస్తుంది. ఆ అలకనంద దేవప్రయాగ దాకా వచ్చి భాగీరథిని కలుసుకుంటుంది. ఆ కూడలి నుంచే గంగ అన్న పేరు. గోముఖం దగ్గర సుమారు 4,000 మీటర్ల ఎత్తున మంచుగుహ నోటి నుంచి పుట్టిన భాగీరథి, సతోపంథ్ మంచునదాల కింద నుంచి వచ్చిన అలకనంద, ఈ ఇద్దరూ ఎదురుపడే చోటు మీద కొండవాలున రఘునాథ ఆలయం, దాని కింద నీళ్లలోకి దిగే మెట్లు, పట్టుకోవడానికి ఇనుప గొలుసులు. మేం చూసిన రోజున భాగీరథిది మరకతపు పచ్చ. తెచ్చిన ఒండ్రునంతా టెహ్రీ ఆనకట్ట వెనక దించేసి తేటపడి వస్తుంది. అలకనందలో మాత్రం విభూతి కలిపినట్టు సన్నని బూడిదరంగు మసక. రెండు రంగులూ కొంతదూరం ఒకే పడుగులో రెండు పేకల్లా పక్కపక్కనే సాగి, అంచు దగ్గర చిన్నచిన్న సుళ్లుగా ముడిపడి, ఆ తర్వాత ఎక్కడో, ఏ క్షణాన్నో చెప్పలేని చోట ఒకటైపోతాయి. అక్కడివాళ్లు గలగలమనే భాగీరథిని అత్త అనీ, ఒద్దికగా వచ్చే అలకనందను కోడలు అనీ అంటారు. ఆ మెట్ల మీద కూర్చొని అరగంట చూశాను. అత్తాకోడళ్ల మాట ఎవరు మొదట అన్నారో గానీ, నీళ్లను ఎన్ని తరాలు చూస్తే ఆ పోలిక దొరికి ఉంటుంది!

అక్కడి నుంచి కొంత దిగువన వ్యాసఘాట్ దగ్గర నాయర్ నది వచ్చి గంగలో చేరుతుంది. ఆ సంగమం గురించి ఆగి చెప్పుకోవాలి. బంగారు మహసీర్ అనే చేప ఉంది. పొలుసు ఒక్కోటీ అరచేతిలో పట్టేంత, ఒళ్లంతా కొత్త ఇత్తడి బిందె మెరుపు, రెక్కలకు అస్తమయపు ఎరుపు. వానాకాలంలో గంగ బురదెక్కి పొంగినప్పుడు ఈ చేపలు వరదకు ఎదురెక్కి, తేటనీటి ఉపనదుల్లోకి తిరిగి, గులకరాళ్ల పరుపుల మీద గుడ్లు పెడతాయి. నాయర్ అలాంటి పుట్టింటిదారి. జులై, ఆగస్టుల్లో రాఫ్ట్‌లను, కయాక్‌లను గంగలో దిగనివ్వరు. మనిషి పడవలు ఒడ్డెక్కే ఆ రోజుల్లోనే ఈ బంగారు ఒళ్లు, కళ్లు కనిపించని ఆ మట్టినీళ్లలో, రాయీ రాయీ తడుముకుంటూ పైకి ప్రయాణం కడతాయి. ఇప్పుడీ జాతి అంతరించే ముప్పున ఉంది. ఆ మాట తలచుకుంటూ వ్యాసఘాట్ నీళ్లలోకి చాలాసేపు చూశాం. ఒక్కటీ కనపడలేదు.

కౌడియాలా దగ్గర పడవలు దించాం. కయాక్ అన్న మాట ఆర్కిటిక్ మంచుతీరాల ఇనూయిట్ ప్రజలది. చెట్లు మొలవని నేలలో సముద్రం ఒడ్డుకు తోసిన కొయ్యతోనో, తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, సీల్ చర్మం బిగించి, వేటకు వెళ్లేందుకు వాళ్లు చేసుకున్న పడవ అది. మన దోనెలో కూర్చుంటాం, తెప్ప మీద నిలబడతాం. కయాక్‌ను మాత్రం తొడుక్కుంటాం. కాళ్లు చాపి లోపలికి జొరబడి, నడుం చుట్టూ రబ్బరు గుడ్డను పడవ అంచుకు బిగిస్తే, మనిషికి నడుం కింద కాళ్లుండవు, పడవ ఉంటుంది. బోర్లా పడితే నీళ్లలోనే తెడ్డు చాచి, నడుం విసురుతో మళ్లీ నిలువునా లేవాలి. ఆ విద్య కూడా ఇనూయిట్లదే. మాకు తోడొచ్చిన గఢ్వాలీ కుర్రాడు తన కయాక్ ఎక్కే ముందు వంగి, వేళ్లతో నీళ్లు తాకి, కళ్లకద్దుకున్నాడు. "గంగా మైయా" అన్నాడు మెల్లగా. మేమూ అద్దుకున్నాం. ఆ నీటి చలికి కనురెప్పలు మండాయి.

రోడ్డు మీద నుంచి గంగ ఆకుపచ్చ రిబ్బను. వంతెన మీద నుంచి బొమ్మ. కయాక్‌లో కూర్చుంటే కళ్లు నీటికి కాస్త ఎత్తునే ఉంటాయి. ఆ ఎత్తు నుంచి చూస్తే నది బల్లపరుపు కాదు; దానికి మిట్టలున్నాయి, పల్లాలున్నాయి, ఇళ్లున్నాయి, వీధులున్నాయి. వానల్లో పక్కవాగులు దొర్లించుకొచ్చిన బండలు నదిని ఒరుసుకొని ఇరుకు చేసిన చోట, ముందుగా నీళ్లు మూగవోతాయి. గాజులా నున్నగా, నల్లపచ్చగా, నాలుకలా సాగి కిందికి వంగుతాయి. ఆ నాలుక మీదికి పడవ ఎక్కగానే అడుగున ఒక సన్నటి సవ్వడి వినిపించింది. మూకుట్లో ఇసుక పోసి సెనగలు వేయిస్తే వచ్చే చప్పుడు. నీళ్లలో కొట్టుకొస్తున్న ఇసుక రేణువులు పడవ అడుగును రాసుకుంటూ పోతున్నాయి. కేదారం, బదరీనాథ్ ఎగువన మంచు కింద నలిగిన కొండలు, పిండిపిండిగా, నా తొడల కిందుగా బెంగాలుకు వెళ్తున్నాయి.

నాలుక కొసన తెలుపు.

ఆ తెలుపును ఏమని చెప్పను? పాలనురుగు కాదు, మల్లెల రాశి కాదు, దూదిపింజెల గుట్ట కాదు, అవన్నీ కదలనివి. పగిలిన ప్రతి అల తనలోకి గాలిని గుటకలు గుటకలుగా మింగుతుంది, ఆ కోటానుకోట్ల బుడగల మీద ఎండ విరిగి తెల్లబడుతుంది. అంటే ఆ తెలుపు నది ఊపిరే. అందులో నీరెంతో గాలీ అంత; అందుకే తెడ్డు వేస్తే పట్టు దొరకదు. ఆ ఊపిరి నడుమ, మునిగిన బండకు ఆవల, ఒక పచ్చని అల లేచి నిలబడి ఉంది. విశాఖ రుషికొండ తీరంలో అలలు నడిచి వస్తాయి, నీరు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. ఇక్కడ నీరు పరుగెడుతోంది, అల నిలబడి ఉంది. తరతరాల నీళ్లు దాని గుండా దూసుకుపోతున్నా దాని వంపు చెదరదు, శిఖ మీద నురగ కుచ్చు చెదరదు, ఎండ పడినప్పుడు లోపల వెలిగే పచ్చ చెదరదు. ఏ క్షణాన చూసినా అదే అల, ఏ క్షణానా అవే నీళ్లు కావు. పడవ ముక్కు దాన్ని ఎక్కి, ఒక్క గుక్క ఆకాశాన్ని చూసి, అవతలికి జారింది.

జారిన చోట గుంట. ఎటు వాలానో తెలియదు, తలకిందులయ్యాను. పైన ఎంత హోరో లోపల అంత నిశ్శబ్దం. ముందు పాలతెలుపు, దాని కింద లేతపచ్చ, ఇంకా కింద చూపు ఆగిపోయే ముదురు నీలం. ముఖం ముందు నుంచి చిట్టిచిట్టి బుడగలు ముత్యాల తీగలై సాగిపోతున్నాయి. కొద్ది సెకన్లే. తెడ్డు చాచి నడుం విసిరాను. మొదటిసారి లేవలేదు. రెండోసారి చెవుల్లోకి ఒక్కసారిగా ప్రపంచమంతా వచ్చిపడింది: హోరు, ఎండ, స్నేహితుడి కేక. "ఒరేయ్, ఇటు రా, బండ వెనక్కి రా!" పెద్ద బండ వెనక నీళ్లు వెనక్కి మళ్లి నిదానించే చోటును ఎడ్డీ అంటారు. నదికి ఎదురు ముఖంగా పడవ తిప్పి అందులోకి చేరితే, రెండు గజాల దూరంలో వరద పరుగెడుతున్నా, మనం ఎండలో తొట్టెలో ఉన్నట్టు ఉంటాం. అక్కడ నా ముగ్గురు మిత్రులూ పడవలు ఆనించుకొని కూర్చున్నారు. నా భుజం మీద ఒకడి చెయ్యి పడింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

ఈ నదికి ఎదురెక్కాలని 1977లో ఎడ్మండ్ హిల్లరీ బంగాళాఖాతం నుంచి జెట్ బోట్లతో బయల్దేరాడు. ఎవరెస్టు ఎక్కినవాడిని నందప్రయాగ దగ్గర ఒక జలపాతం ఆపేసింది. ఆ పైన కాళ్లే దిక్కయ్యాయి. మహసీర్‌ను, మందాకిని పిట్టను తలచుకుంటే ఆ కథ నాకు మరింత ముచ్చటగా ఉంటుంది.

బ్యాసి దాటాం. వశిష్ఠగుహ ఉన్న ఒడ్డు దాటాం. శివపురి కింద గోల్ఫ్ కోర్స్ అనే నురగల ఉరవడి (ర్యాపిడ్), పేరుకు తగ్గట్టే గుంటలు గుంటలుగా, మమ్మల్ని ఒక్కొక్కరినీ ముంచి తేల్చింది. ర్యాపిడ్‌కూ ర్యాపిడ్‌కూ నడుమ మడుగులు. వాటిలో కొండలు తలకిందులుగా, చెట్లతో సహా, చెక్కుచెదరకుండా. ఆకులన్నీ రాల్చేసిన బూరుగు చెట్లు ఒళ్లంతా ఎర్రని గిన్నెల్లాంటి పూలతో నిలబడ్డాయి. ఒక పువ్వు రాలితే టప్పుమని చప్పుడు అవతలి ఒడ్డు దాకా వినిపించింది. నీటి అంచు రాతి మీద పలక రంగు పిట్ట ఒకటి తన ఇటుకరంగు తోకను విసనకర్రలా విప్పుతూ ముడుస్తూ ఉంది. పైన నలుపు తెలుపు గళ్ల చీర కట్టినట్టున్న కొండ లకుముకి, చెదిరిన జుట్టుతో, నీటి మీద సూటిగా గీత గీసినట్టు ఎగిరిపోయింది. ఒడ్డున ఇసుక తెల్లగా, అభ్రకపు పొరలతో మిలమిల. మా మోచేతులకు అంటుకున్న ఆ మెరుపు రాత్రి దాకా రాలలేదు.

సాయంత్రానికి రామ్ ఝూలా చేరాం. పడవలు ఒడ్డుకు లాగి, మెట్ల మీద కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టాం. గంట మోగింది. ఎవరో వదిలిన దీపపు దొన్నె, బంతిపూల రేకుల నడుమ వత్తి వెలుగుతూ, ఒడ్డు నుంచి బయల్దేరింది. అలను ఎదుర్కొన్నప్పుడు ముక్కు పైకెత్తింది, పక్కకు ఒరిగింది, నిలదొక్కుకుంది. మెట్టు వెనక ఎడ్డీలోకి మళ్లి, నదికి ఎదురు ముఖంగా తిరిగి, అక్కడ కాసేపు ఊగుతూ ఆగింది. గఢ్వాలీ కుర్రాడు దానికేసి చూపించి నవ్వాడు. దొన్నె మెల్లగా అంచు దాకా జరిగి, ప్రవాహం తాకగానే గిరుక్కున తిరిగి, దీపం ఆరకుండానే వంతెన కిందికి సాగిపోయింది.