కొండదారికి తగిన బూటు

కచేరీలో బల్ల ముందు కూర్చొని కాగితాలు వ్రాసుకొనే గుమాస్తాలకు బూట్ల సంగతి ఏమి తెలుసునని పాఠకులు అడుగవచ్చు. నిజమే. మాకు ఎండాకాలమూ చెప్పులే, వానాకాలమూ చెప్పులే. కాని కోరాపుట్ జిల్లాలో మేము పనిచేసే కచేరీలో కొండల మీద తిరిగే ఖలాసీలకు, కొలతలు తీసేవారికి, కావలివారికి కావలసిన సామాను పట్టీ తయారు చేసేది మేమే. గొడుగులు, రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు, బూట్లు అన్నీ మా కలం క్రిందనుండే పోవాలి. 2017లో ఆ కలం చేసిన పొరపాటు ఇంతవరకూ మేము ఎక్కడా వ్రాయలేదు.

ఆ ఏడాది ముప్పై జతల బూట్లకు పట్టీ వ్రాసినాము. సైజుల గడిలో సగం 8, సగం 9 అని నింపినాము. ఎవరినీ అడగలేదు. అందరికన్న తక్కువ ధర చెప్పినవారికి పని దక్కినది. జూన్‌లో పెట్టెలు వచ్చినవి. నల్లగా నిగనిగలాడుతూ చూడ ముచ్చటగా ఉన్నవి. జూలై వచ్చేసరికి సగం మంది బూట్లను లేసులతో ముడివేసి భుజాన వేసుకొని, వట్టి కాళ్ళతో కొండ ఎక్కుతున్నారు. మిగిలినవారిలో మా మేనమామ కుమారుడు ఒకరు. మాకన్న పెద్దవారు, బావ అని పిలుస్తాము. సర్కారు సొమ్ము పెట్టి ఇచ్చినది తొడగకపోతే తప్పని ఆయన ఆ బూట్లతోనే నడిచినారు. బూటు కరిచినది. కుడికాలి వేళ్ళ దగ్గర బొబ్బ లేచినది, చితికినది. ఆయనకు అప్పటికే షుగరు జబ్బు ఉన్నది, పాదాలలో స్పర్శ తగ్గినది. నొప్పి తెలియక నాలుగు రోజులు ఆ తడి బూటులోనే తిరిగినారు. సెప్టెంబరు నాటికి ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చినది.

చూడబోయినప్పుడు ఆయన కోపపడలేదు. “నువ్వు రాసిన కాగితమేగా బావా, కొంచెం పెద్ద సైజు రాసి ఉండవలసింది” అని మాత్రం అన్నారు. మా ఇంటావిడ తెచ్చిన గంజి తాగుతూ మాట మార్చినారు.

అప్పటినుండి మేము బూట్ల విషయం పట్టించుకొన్నాము. జయపురం, రాయగడ దుకాణాలలో కనబడిన ప్రతి జతా వంచి చూచినాము. ఒక ఒడియా దుకాణదారు మమ్మల్ని చూడగానే “జోతాబాబు వచ్చినారు” అని నవ్వేవాడు. ఆ తిరుగుడులో తెలిసినది మన సంఘం కుటుంబాలలో తోటలకు, గనులకు, రోడ్డు పనులకు, కాలువ పనులకు పోయే పిల్లలు చాలామంది ఉన్నారు గనుక ఇక్కడ పెడుతున్నాము.

మొదటిది కొలత. దీనిమీదనే ఎక్కువ చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే దీనికి డబ్బు అక్కరలేదు, మనవాళ్ళు చేయనిది ఇదే. కాగితం నేలమీద పరచి, పనికి తొడిగే మేజోళ్ళతోనే దానిమీద నిలబడాలి. కూర్చొని కాదు, బరువంతా కాలిమీద పడాలి, అప్పుడు పాదం వెడల్పు అవుతుంది. వేరొకరు పెన్సిలు నిటారుగా పట్టి చుట్టూ గీయాలి. రెండు పాదాలూ గీయాలి, చాలామందికి ఒకటి కొంచెం పెద్దది. పెద్దదానికే బూటు కొనాలి. ఇది సాయంత్రం చేయాలి, పొద్దుటినుండి నడిచిన కాలు సాయంత్రానికి కొంత పొంగుతుంది. పొద్దున్నే దుకాణానికి పోయి సరిపోయినదని కొన్న బూటు నాలుగు గంటలకు బిగుసుకుంటుంది. గీసిన కాగితాన్ని కత్తిరించి దుకాణానికి తీసుకొనిపోయి బూటు అడుగుమీద పెట్టి చూస్తే, వేళ్ళ దగ్గర ఇరుకు వెంటనే కనబడుతుంది.

తొడిగిన తరువాత మూడు పరీక్షలు. బొటనవేలి ముందు బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేసు బిగించి నడిస్తే మడమ పైకి లేవకూడదు. మెట్లు దిగినప్పుడు వ్రేళ్ళు ముందుకు పోయి తగలకూడదు. కొండ ఎక్కేటప్పుడు అందరి బూట్లూ బాగానే ఉంటవి, దిగేటప్పుడే గోళ్ళు నల్లబడతవి. దుకాణంలో మెట్లు లేకపోతే వీధి అరుగు దిగి చూడండి. దుకాణదారు విసుక్కొంటే విసుక్కోనివ్వండి.

ఇక రబ్బరు గంబూటా, తోలు బూటా అనే ప్రశ్న. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతి కనుగొన్న తరువాత నీరు చొరని బూట్లు లోకానికి దొరికినవి. కాలువలో నిలబడేవారికి, సిమెంటు పనివారికి, పేడ ఎత్తేవారికి గంబూటును మించినది లేదు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే జ్వరంనుండి కూడా అది కాలిని కాస్త కాపాడుతుంది. కాని రోజుకు పది పన్నెండు కిలోమీటర్లు కొండ నడిచేవారికి అది పనికిరాదు. చీలమండకు పట్టు ఉండదు, మడమ జారుతూ ఒరుస్తుంది, లోపలి చెమట బయటికి పోదు. వాన తడిపినా చెమట తడిపినా నానే కాలు నానుతూనే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914-15 చలికాలంలో కందకాలలో నిలిచిన బ్రిటిషు సైనికులకు వేల సంఖ్యలో కాళ్ళు పాడైనది శత్రువు గుండుతో కాదు, చలిలో తడిసి ఆరని కాళ్ళవల్ల. తరువాత పాదాల తనిఖీ, మేజోళ్ళ మార్పు కూడా సైనిక క్రమశిక్షణలో భాగం చేసినారు. మన కొండలలో అంత చలి లేదు గాని, జూన్ నుండి సెప్టెంబరు దాకా తడికి మాత్రం కొదువ లేదు.

నడకకు చీలమండ మూసే తోలు బూటే మేలు. తోలులో పైపొర తోలు వేరు, చీల్చిన అడుగు పొరమీద ప్లాస్టిక్ పూత పూసినది వేరు. మా 2017 బూట్ల నిగనిగ ఆ పూతే. వంచి చూస్తే తెలుస్తుంది. మంచి తోలు సన్నని ముడతలు పడి తిరిగి సర్దుకుంటుంది, పూత తోలు కాగితంలాగ మడతపడి కొన్నాళ్ళకు ఆ గీటుమీదనే పగులుతుంది. లేసుల క్రింద నాలుక రెండు ప్రక్కలా కుట్టి ఉన్నదా చూడండి. లేకపోతే బురదనీరు, గులకరాళ్ళు, జలగలు అన్నీ ఆ సందులోనే దూరతవి.

అడుగుభాగం విషయంలో ఒక కథ ఉన్నది. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు కొండయెక్కేవారు చనిపోయినారు, వారి పాదరక్షలు ఆ వాతావరణానికి తగినవి కావు. ఆ దుఃఖంలో విటాలే బ్రమానీ అనే ఆయన 1937లో లోతైన గాళ్ళున్న రబ్బరు అడుగును తయారు చేసినాడు. మన ఎర్రమట్టికి గాళ్ళు లోతుగానే కాదు, దూరదూరంగా కూడా ఉండాలి, లేకపోతే మట్టి ఇరుక్కొని అడుగు నున్ననైపోతుంది. ఇంకొక సంగతి. తేలికగా ఉంటుందని పాలీయూరిథేన్ అడుగులు పెడతారు. వాటిలో చాలా రకాలు ఏళ్ళ తరబడి పెట్టెలో పడివుంటే గాలిలోని చెమ్మకే పెళుసెక్కి ఒకనాడు ముక్కలై రాలుతవి. కొనేటప్పుడు తయారైన నెల, సంవత్సరం అడిగి చూడండి. ఇనుప టోపీ బూట్లు బరువులు పడేచోట తప్పనిసరి. ఐ.ఎస్. 15298 రెండవ భాగం ప్రకారం 200 జౌళ్ళ దెబ్బకు ఆగాలి, అనగా సుమారు ఇరవై కిలోల బరువు మీటరు ఎత్తునుండి పడిన దెబ్బ. కాని సైజు తక్కువైతే ఆ ఇనుమే వేళ్ళను కొరుకుతుంది.

తడిసిన బూటును పొయ్యి ప్రక్కన పెట్టడం మనవాళ్ళ అలవాటు. తోలు ఎండి పెళుసై పగులుతుంది, అతుకు ఊడుతుంది. మా ఇంట చేసేది ఇది: బురద కడిగి, లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రికలు ఉండచుట్టి కూరి, గాలి తగిలేచోట పెట్టడం. రెండు గంటలకు కాగితం తడిసిపోతుంది, మార్చాలి. అప్పటికీ ఒక రాత్రిలో పూర్తిగా ఆరదు. కనుక ఒకే ఖరీదైన జతకన్న మధ్యరకం రెండు జతలు మార్చి మార్చి తొడగడం మేలని మా అభిప్రాయం. మేజోళ్ళు నూలువి నీరు పట్టి వదలవు, ఉన్ని కలిసినవి తీసుకొని ఇంకొక జత ప్లాస్టిక్ సంచిలో కట్టి వెంట పెట్టాలి. షుగరు ఉన్నవారు రోజూ రాత్రి దీపం దగ్గర పాదాలు, వేళ్ళ సందులు ఇంట్లోవారిచేత చూపించుకోవాలి. పొద్దున తొడిగేముందు బూటు బోర్లించి దులిపి, లోపల తడిమి చూడాలి. గులకరాయి గుచ్చుకొన్నా వారికి తెలియదు.

2018 పట్టీకి ముందు మేము అందరినీ కచేరీ వరండాలో నిలబెట్టి కాగితాలు గీసినాము. ముప్పై మందికి ఆరు రకాల సైజులు వచ్చినవి. 8, 9 సరిపోయేవారు పదిమందే. ధర పెరిగినదని పైఅధికారి అడిగితే ఆ కాగితాలన్నీ బల్లమీద పరచినాము, ఆయన చూచి సంతకం పెట్టినారు. ఆ కట్ట మా బీరువాలో ఉన్నది. అందులో బావ కాగితం ఒకటి. కుడి పాదం గీతలో రెండు వేళ్ళ చోటు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పాదం జారకుండా జయపురంలో ఒకతనిచేత మెత్తటి దిండు కుట్టించి బూటులో పెట్టించినాము. ఆయన ఇప్పుడు గేటు కావలి పనిలో ఉన్నారు. వాన పడుతున్న రోజున మేము కచేరీకి పోయేటప్పుడు ముందు ఆయన కాళ్ళవైపే చూస్తాము. ఆయన బూటు కొంచెం ఎత్తి చూపించి, గేటు తీస్తారు.