దయకు ధైర్యమే తోడు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములందు ఒకప్పుడు జొన్నయు కందియు పండిన చేలలో నేడు మందుల కర్మాగారములును, రసాయనశాలలును, యంత్రశాలలును నిలిచియున్నవి. వానియందు పని చేయుటకై బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ మొదలగు రాష్ట్రముల యువకులు వేలకొలది వచ్చి, ఇస్నాపూరు, పాశమైలారం పరిసరములలో ఇరుకు గదులందు కాలక్షేపము చేయుచున్నారు. ఆ గదులు మనవి. వాని యద్దె మన యిండ్లకు వచ్చుచున్నది. అయినను "వీరెవరు? ఏ కులము? ఏ మతము? మన భాష రానివారికి ఇచ్చట నేమి పని?" యను మాటలు నానాటికి కఠినముగా వినవచ్చుచున్నవి. చేతిలోని ఫోను ఆ మాటలకు మరింత విషము కలిపి గడియగడియకు అందించుచున్నది.

ఇట్టి నిరాదరణ మనకు తెలియనిది కాదు. 1921 నవంబరులో హైదరాబాదునందు మహర్షి కర్వే అధ్యక్షతను సంఘసంస్కరణ సభ జరిగినపుడు, న్యాయవాదియగు ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున ప్రసంగింపబోగా సభికులు కేకలు వేసి పరిహసించిరి. తన నాట తన భాషకే చోటు లేకపోయెను. ఆ పరాభవమునుండి ఆంధ్రజనసంఘము జనించినది. అందలి పెద్దలు పరభాషలను తూలనాడుచు కూర్చుండలేదు. గ్రంథాలయములను ప్రోత్సహించిరి, వెట్టిచాకిరిని గూర్చి చిన్న పుస్తకములు ప్రకటించిరి. ఒకనాడు భాషకొరకు పరిహాసము పొందిన జాతి, నేడు పొట్టకూటికై వచ్చిన వాని భాషను పరిహసించుట తగునా?

ఆ యుద్యమము పెరిగి 1930లో జోగిపేటయందు ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభగా సమావేశమైనది. గోలకొండ పత్రికా సంపాదకుడు సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతను మహిళాసభయు అచ్చటనే జరిగెను. 1906లోనే జగన్మిత్రమండలిని స్థాపించి దళితుల విద్యకును గౌరవమునకును పాటుపడిన భాగ్యరెడ్డివర్మ యా సభకు వచ్చెను. అట్టివానితో సమానముగా సభలో కూర్చుండుటకు నొచ్చుకొన్నవారు లేకపోలేదు. అయినను ఆయన స్వరము అచ్చట వినబడినది. తోటివారు ముఖము చిట్లించుచుండగా ఒకనికి చోటిచ్చుటకు గుండె కావలయును. ఇంటిలో కూర్చుండి జాలిపడుటకు ఖర్చు లేదు. పదిమంది యెదుట జాలిపడినపుడే దాని వెల తెలియును. ధైర్యము లేని దయ మర్యాదమాటగా ముగియును. దయ లేని ధైర్యము కలహముగా ముగియును.

జోగిపేటను ఆనుకొనియున్న ఆందోలులోనే 1908లో మఖ్దూం మొహియుద్దీన్ జన్మించెను. బాల్యముననే తండ్రిని కోల్పోయి బంధువుల యింట పెరిగినవాడు, ఉర్దూకవియై, కళాశాలలో నుపన్యాసకుడై, ఆ యుద్యోగమును విడిచి కార్మికసంఘములను కట్టినవాడు. రజాకారుల దౌర్జన్యములును, 1948 సైనికచర్య వెంట జరిగిన హింసయు హిందూ ముస్లిముల మనస్సులను చీల్చిన కాలమది. ఆ గాయములు మానకమున్నే, 1952లో హుజూర్‌నగర్ తెలుగు రైతులు ఈ ఉర్దూకవిని శాసనసభకు పంపిరి. వారు అతని మతమును చూడలేదు, తమ పక్షమున నిలిచినవాడా కాడా యని చూచిరి. అజ్ఞాతవాసమును, కారాగారమును అనుభవించిన ఆ కవి 1966లో తన కవితాసంపుటికి "బిసాతె రక్స్", అనగా నాట్యరంగమని పేరిడెను. కష్టకాలము తీరిన పిదప సంతోషింతమని అతడు ఎదురుచూడలేదు. పొరుగువానిని చూచి భయపడువానికి ఏ పండుగయు పండుగ కాదు; భయమును విడిచినవానికి ఎండకాలమునందును నీడ దొరకును.

ఇక నిన్నమొన్నటి విషాదము. 2025 జూన్ 30న పాశమైలారమునందలి సిగాచి పరిశ్రమలో సంభవించిన విస్ఫోటనమున 40 మందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో ఉత్తరదేశమువారును కలరు, తెలుగువారును కలరు. అనేక దేహములు గుర్తుపట్టరాని స్థితిలో నుండగా, రక్తసంబంధీకుల నమూనాలతో డి.ఎన్.ఏ. పరీక్షలు జరిపిన పిమ్మటగాని వానిని కుటుంబములకు అప్పగింపలేకపోయిరి. మనము బ్రదికియుండగా వెదకు కులభేదమును, భాషాభేదమును ఆ మంట లెక్కింపలేదు. చచ్చినవానికి చూపు సానుభూతిలో నాల్గవవంతు బ్రదికియున్నవానికి చూపినచో ఈ నేల యెంత మారిపోవును!

కావున భూములును ఇండ్లును గల పెద్దలకు మా విన్నపము. గది యద్దెకిచ్చునపుడు పేరును పనిచోటును విచారింపుడు, కులమతములను విచారింపకుడు. ఒక వర్గమును నిందించు వార్త ఫోనులో వచ్చినచో, నిజమని తేలనంతవరకు అది మీ చేతిలోనే యాగిపోవలయును. కూలి యెగవేయబడినవాడో, యంత్రమున చేయి నలిగినవాడో మీ గుమ్మము తొక్కినచో, తెలుగు వచ్చిన మీరు వానివెంట కార్యాలయమువరకు నడువుడు. మీ యూరి కర్మాగారములో కార్మికరక్షణ యెట్లున్నదో అధికారులను ఊరి పెద్దలుగా మీరు ప్రశ్నించిన మాటకు బలము హెచ్చు. ఛఠ్ పూజకు వారు చెరువుగట్టు నడిగినచో ఇండు. బతుకమ్మకు వారి యాడుబిడ్డలను పిలువుడు.

ఇందేదియు ప్రభుత్వాజ్ఞకొరకు వేచియుండవలసిన పని కాదు. కాలము మంచిది కాదని నిట్టూర్చువారు ఎల్లకాలములందును ఉందురు. జోగిపేట సభ జరిగిన కాలమును మంచి కాలము కాదు. అయినను ఆ దినమున కొందరు ప్రక్కకు జరిగి మరియొకనికి చోటిచ్చిరి. ఆ చోటు ఇచ్చుట నేడు మన వంతు.