బండి కన్నా ముందు... దారి చూడండి!

మొదటి ఉద్యోగం, మొదటి జీతం, మొదటి బండి! సరే, రోజూ యాభై కిలోమీటర్లు తిరగాల్సిన కొత్త కుర్రాడికి ఏ బండి నప్పుతుంది?

నాచారం, ఉప్పల్‌లలో చాలా ఇళ్లలో జరిగే ముచ్చటే ఇది. అబ్బాయికి హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. అతని మనసు బుల్లెట్ మీద ఉంది. నాన్న మాత్రం స్ప్లెండర్ తప్ప మరో పేరెత్తరు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ ఆయన తరానికి మైలేజీ రుచి చూపించాయి మరి. ఇక అమ్మ... 'ఏదో ఒకటి కొనుక్కో నాన్నా, క్షేమంగా ఇంటికి రా, చాలు' అంటుంది.

కాలు ఆనాలి

నాచారం నుంచి హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి దాదాపు పాతిక కిలోమీటర్లు. ఉదయంపూట ఈ దారిలో పరుగు కన్నా ఆగడమే ఎక్కువ. క్లచ్ నొక్కాలి, వదలాలి, కాలు కింద పెట్టాలి. ఉప్పల్ వాళ్లకు రింగ్‌రోడ్డు రద్దీ అదనం.

అందుకే మొదట చూడాల్సింది బరువు. స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు. క్లాసిక్ 350 అయితే 195 కిలోలు. అంటే ఓ భారీ మనిషిని ఎప్పుడూ వెనక కూర్చోబెట్టుకున్నట్టే! షోరూమ్‌లో బండెక్కి రెండు పాదాలూ నేలకు ఆనుతున్నాయో లేదో చూడాలి. ఇంజిన్ ఆపి నాలుగడుగులు వెనక్కి నెట్టాలి. అక్కడే చెమట పడితే ఆ బండి ఇప్పటికి వద్దు.

ఒక్కరే వెళ్లేటట్టయితే 100 సీసీ సరిపోతుంది. వెనక మరొకరు కూర్చుని జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కాలంటే 125 సీసీ సుఖం. తండ్రీకొడుకుల మధ్య రాజీ కూడా అక్కడే కుదురుతుంది!

నెలకు ఎంత?

రోజుకు 50 కిలోమీటర్ల చొప్పున పాతిక రోజులకు 1,250 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి 21 లీటర్లు చాలు. 35 ఇచ్చేదానికి 36 లీటర్లు కావాలి. లీటరు వంద రూపాయలు వేసుకున్నా నెలకు 1,500 తేడా. ఏడాదికి 18,000!

మరో సంగతి. ఇలా తిరిగే బండి ఏడాదికి 15,000 కిలోమీటర్లు దాటుతుంది. సర్వీసింగ్‌కు నెలలు కాదు, కిలోమీటర్లు లెక్కపెట్టాలి. పదిరోజులకోసారి చెయిన్‌కు ఆయిల్ వేయాలి. ఇంటికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ అయితే సెలవు పెట్టే పని తప్పుతుంది.

ప్రాణం బ్రేకులోనే

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్, ఆ లోపు వాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ ఉంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోదు. సీబీఎస్‌లో ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడుతుంది. ముందు బ్రేకు వేస్తే పడిపోతామని చాలామంది భయం. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. కాబట్టి ఎక్కువ పట్టు దానికే. రెండు బ్రేకులూ మెల్లగా, కలిపి వేయడం అలవాటు చేసుకోవాలి.

బండి మీద మిగిల్చిన సొమ్ములో మొదటి వాటా ఐఎస్ఐ మార్కున్న మంచి హెల్మెట్‌ది. రెండోది రెయిన్‌కోటుది. స్టిక్కర్లు, హారన్లు ఆ తర్వాతే.

నెలరోజులు మెట్రో

లెర్నర్స్ లైసెన్సు తీసుకున్న 30 రోజుల తర్వాతే అసలు లైసెన్సు పరీక్షకు వెళ్లగలరు. ఆ నెలరోజులూ ఆఫీసుకు మెట్రోలో వెళ్లడం మేలు. నాగోల్ నుంచి అమీర్‌పేట మీదుగా 2017 నవంబరులో మొదలైన మెట్రో, 2019లో హైటెక్ సిటీ దాటి రాయదుర్గం దాకా చేరింది. ఆదివారం తెల్లవారుజామున నాచారం పారిశ్రామికవాడలోని ఖాళీ రోడ్లమీద సాధన చేయొచ్చు. చెయ్యి తిరిగాక కూడా వాన రోజున బండిని ఇంటి దగ్గరే ఉంచి రైలెక్కితే పరువేం పోదు.

బండి గొప్పదనం షోరూమ్‌లో తెలియదు. రాత్రి గేటు దగ్గర చప్పుడు విని, అమ్మ లేచి కూర వేడి చేస్తుంది చూడండి... అప్పుడు తెలుస్తుంది!