ఒక్క దినపు వ్యవధి

“పాలస్తీనా విషయంలో మీరెవరి పక్షం, సార్?” అని ఒక విద్యార్థి అడిగినాడు. నా పేరును బట్టి జవాబును ముందే ఊహించి ఉండవచ్చును.

1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ మానవ హక్కుల సార్వత్రిక ప్రకటనను ఆమోదించినది. స్వదేశానికి తిరిగివచ్చు హక్కు ప్రతివానికీ కలదని దాని 13వ అధికరణం. మరునాడే అదే సభ, ఇరుగుపొరుగుతో శాంతిగా జీవింపగోరు కాందిశీకులను ఇండ్లకు మరలనీయవలెనని 194వ తీర్మానం చేసినది. నాటి పాలస్తీనా నిర్వాసితులు సుమారు 7 లక్షలు. వారిలో అత్యధికులకు ఆ అవకాశం కలుగనేలేదు.

2023 అక్టోబరు 7న ఇజ్రాయేలులో సుమారు 1,200 మంది హతులైనారు. అనంతరం గాజాలో పదుల వేలమంది మరణించినారు. ఆ ప్రకటన ఇరువురిదీ. మృతుని మతమడిగి కార్చు కన్నీటికి అందులో చోటు లేదు. నా పక్షమదియే.