ఇరవై ఎనిమిది అంగుళాల నల్ల సైకిలు: ఏ సామాను దేనికి సరిపోతుంది

పాత సైకిలును మళ్లీ రోడ్డెక్కించే పనిలో తుప్పు గీకడం, రంగు వేయడం కంటికి కనిపించే భాగమే గానీ, అసలు శ్రమంతా కొత్తగా తెచ్చిన విడిభాగం పాత చోట సరిగ్గా కూర్చుంటుందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఖర్చవుతుంది. ఒక నట్టు ఇరుసుకు ఎక్కాలంటే రెండింటి వ్యాసం కలిస్తే చాలదు. మర, అంటే నట్టు లోపలా ఇరుసు మీదా చుట్టుకుంటూ పోయే సన్నని గాడి, ఎంత దగ్గర దగ్గరగా పడిందో, ఏ వైపుకు తిరిగిందో కూడా కలవాలి. టైరుకూ రిమ్ముకూ, చైనుకూ పళ్ల చక్రానికీ, ఉక్కు బాల్స్ దొర్లే కోనుకూ కప్పుకూ ఇలాంటి రెండు మూడు కొలతల ఒప్పందం ఉంటుంది. అందులో ఒక్కటి తప్పినా ఆ భాగం ఎక్కనే ఎక్కదు, లేదా ఎక్కినట్టే ఎక్కి బరువు పడినప్పుడు జారిపోతుంది. ఈ రెండింటిలో రెండోదే ప్రమాదకరం.

ఈ విషయంలో మన నల్ల సైకిలుకు, అంటే రాడ్డు బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, వెనుక బరువైన క్యారియరు ఉన్న సైకిలుకు, ఇతర దేశాల పాత సైకిళ్లలో చాలావాటికి లేని అదృష్టం ఒకటుంది. 1949లో మద్రాసు శివార్లలోని అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలైనప్పుడు అవి తయారుచేసింది బ్రిటిష్ రోడ్‌స్టర్ నమూనానే. అంగుళాల కొలతలు, బ్రిటిష్ మరలు, ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకుల లెక్క అన్నీ ఆ నమూనాతోపాటే వచ్చాయి. 1956 నాటి తూనికలు కొలతల చట్టంతో దేశం మెట్రిక్ పద్ధతికి మారినా సైకిలు మరలు మాత్రం అంగుళాల్లోనే నిలిచిపోయాయి. దశాబ్దాలపాటు నమూనా మారకపోవడాన్ని వెనుకబాటుగా చూసేవారున్నారు గానీ, బాగుచేసే మనిషి వైపు నుంచి చూస్తే దాని బలమంతా అందులోనే ఉంది. అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న మూతపడినా, ఆ సైకిళ్లకు కోను, కప్పు, కాటరు పిన్ను దొరుకుతూనే ఉన్నాయంటే, అవి ఒక కంపెనీ సొంత కొలతకు కాక అందరూ పాటించిన కొలతకు తయారైనవి కావడమే కారణం.

ఉమ్మడి కడప జిల్లాలో రాజంపేటకూ రైల్వే కోడూరుకూ నడుమ, ఓబులవారిపల్లె మండలంలో ఉన్న మంగంపేట ముగ్గురాయి గనులకు ప్రసిద్ధి. ఇలాంటి పల్లెల్లో మూలన పడి ఉన్న నల్ల సైకిలును బయటికి తీసినప్పుడు మొదట కొనవలసి వచ్చేది టైరు, మొదటి పొరపాటు జరిగేదీ అక్కడే. టైరు మీద 28 × 1½ అని ఉంటే 28 అన్నది గాలి నింపిన టైరు బయటి వ్యాసం, 1½ అన్నది టైరు మందం, రెండూ అంగుళాల్లో. రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం తెలియాలంటే బయటి వ్యాసంలో నుంచి రెండు వైపుల మందాన్ని తీసేయాలి. 28లో 3 పోగా మిగిలే 25 అంగుళాలు సరిగ్గా 635 మిల్లీమీటర్లు. అంతర్జాతీయ ప్రమాణంలో ఇదే టైరును 40-635 అని రాస్తారు, అంటే 40 మి.మీ. మందం, 635 మి.మీ. కూర్చునే వ్యాసం. అసలు కొలత ఈ రెండో అంకే. 28 అన్నది పేరు మాత్రమే. నేటి సన్న టైర్ల సైకిళ్లకు వాడే 700సి చక్రాన్ని కూడా కొందరు 28 అనే అంటారు గానీ దాని కూర్చునే వ్యాసం 622 మి.మీ. టైరు అంచులో ఉండే ఉక్కు తీగ సాగదు కాబట్టి 622 టైరు 635 రిమ్ముకు ఎక్కదు. 635 టైరు 622 రిమ్ము మీద వదులుగా పడి, గాలి కొట్టగానే ఊడి వస్తుంది.

ఇరవై ఆరు అంగుళాల చక్రాల్లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. 26 × 1⅜ టైరుకు పై లెక్కే వేస్తే 590 మి.మీ. వస్తుంది, 26 × 1½ టైరుకు 584 వస్తుంది, నిజమైన కొలతలు కూడా అవే. అయితే లావు టైర్ల సైకిలుకు వేసే 26 × 2.125కు అదే లెక్క 552 చూపుతుండగా అసలు కొలత 559. దశాంశంలో రాసే ఈ వరుస అమెరికాలో లావు టైర్లతో పుట్టిన వేరే కుటుంబం కావడం వల్ల, టైరు ఎంత సన్నబడినా లావెక్కినా దాని కూర్చునే వ్యాసం 559 దగ్గరే ఉంటుంది. గణితంలో 1½, 1.5 ఒకటే అయినా టైర్ల దుకాణంలో వాటి మధ్య 25 మి.మీ. తేడా ఉందని గుర్తుంచుకున్నవారికి సగం వృథా ఖర్చు తప్పుతుంది. ట్యూబుకు మాత్రం ఇంత పట్టింపు లేదు, రబ్బరు సాగుతుంది. పాత వాల్ ట్యూబు మూతి, మోటారు బండ్ల తరహా మూతి ఇంచుమించు ఒకే రంధ్రంలో పడతాయి. సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు పరుచుకున్న రాయలసీమ దారుల్లో ట్యూబు ఎలాగూ తరచుగా మార్చవలసిందే.

మరల విషయం ఇంతకంటే సూక్ష్మమైనది. బ్రిటిష్ పద్ధతిలో ముందు ఇరుసు 5/16 అంగుళం, అంటే 7.94 మి.మీ.; దాని మీద అంగుళానికి 26 చుట్లు పడతాయి, అంటే ఒక చుట్టుకూ మరో చుట్టుకూ ఎడం 0.977 మి.మీ. మెట్రిక్ పద్ధతిలో దీనికి దగ్గరగా ఉండే నట్టు 8 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. ఎడం ఉన్నది. ఆ నట్టును ఈ ఇరుసుకు ఎక్కిస్తే మొదటి రెండు మూడు చుట్లు వేలితోనే తిరిగి సరిపోయిందన్న నమ్మకం కలిగిస్తుంది, ఎందుకంటే ఒక్క చుట్టులో తేడా మిల్లీమీటరులో నలభయ్యో వంతు కూడా లేదు. చుట్టు చుట్టుకూ ఆ తేడా పేరుకుంటూ పోయి ఎనిమిదో చుట్టుకు దాదాపు 0.18 మి.మీ. అవుతుంది, నట్టు బిగుసుకుపోతుంది, పానాతో బలవంతంగా తిప్పితే మర చిరుగుతుంది. ఒకవేళ పట్టుకున్నా బరువంతా అన్ని చుట్ల మీద సమానంగా పడక ఒకటి రెండు చుట్ల మీదే నిలుస్తుంది. వెనుక ఇరుసు 3/8 అంగుళం, 9.53 మి.మీ.; దానికి 10 మి.మీ. మెట్రిక్ నట్టు వేస్తే మొదటి నుంచే వదులుగా ఉండి, మర పళ్లు కొనలతో మాత్రమే పట్టుకుంటాయి. కొత్త నట్టు వేలితో చివరిదాకా తిరగాలి, తిరిగాక పక్కకు ఊగకూడదు. ఈ రెండు పరీక్షలకూ పనిముట్టు అక్కర లేదు.

మర తిరిగే దిక్కు మరో చిక్కు. ఎడమ పెడలుకు ఎడమ మర ఉంటుంది, అంటే దాన్ని విప్పాలంటే మామూలుకు వ్యతిరేకంగా, గడియారం ముల్లు తిరిగే వైపుకే తిప్పాలి. పిడికిట్లో వదులుగా పట్టుకున్న పెన్సిలు పై కొనను గుండ్రంగా తిప్పితే పిడికిలి లోపల పెన్సిలు దానికి ఎదురు దిక్కులో దొర్లుతుంది. తొక్కేవారి బరువు చుట్టూ తిరుగుతూ పడే పెడలు ఇరుసు కూడా, పెడలును పట్టి ఉంచే క్రాంకు రంధ్రంలో ఇలాగే కొద్ది కొద్దిగా దొర్లుతుంది. ఎడమవైపు మామూలు మర ఉంటే ఆ దొర్లుడు పెడలును విప్పేస్తుంది. ఫ్రేము అడుగున క్రాంకు ఇరుసును మోసే కప్పుల్లో కుడివైపుది ఎడమ మర కావడానికి కారణం కూడా ఇలాంటిదే. ఈ కప్పుల మర బ్రిటిష్ పద్ధతిలో 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన పాత రాలీ సైకిళ్లకు మాత్రం 26 చుట్లు ఉంటాయి కాబట్టి, తాతల నాటి దిగుమతి సైకిలు చేతికొస్తే కప్పులు పారేయకుండా శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడమే మేలు.

క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే కాటరు పిన్ను పాత సైకిలు భాగాల్లో అతి చవకైనది, అతి మొండిది కూడా. అది ఒక గుండ్రని ఇనుప మేకు; ఒక పక్కన వాలుగా చదును చేసి ఉంటుంది, ఆ చదును ఇరుసు మీది చదునుకు ఆనుకుని బిగుస్తుంది, కొనకు చిన్న నట్టు పడుతుంది. బ్రిటిష్, భారతీయ సైకిళ్లకు 9.5 మి.మీ. పిన్ను, యూరపులోని కొన్ని సైకిళ్లకు 9 మి.మీ. పిన్ను కావాలి. వ్యాసం కలిసినా వాలు కలవకపోవచ్చు. అప్పుడు రెండు క్రాంకులు ఒకే గీత మీద నిలవక, తొక్కుతున్నప్పుడు ఒక కాలు ముందే కిందికి జారిన అనుభూతి కలుగుతుంది. దీన్ని సరిచేసేందుకు పిన్ను చదునును ఆకురాయితో రెండు మూడు గీతలు గీసి, పెట్టి చూసి, మళ్లీ తీసి గీయాలి. పిన్నును సుత్తితో కొట్టేటప్పుడు క్రాంకు కింద ఇనుప గొట్టం గాని గట్టి దిమ్మ గాని ఆనించాలి, లేదంటే ఆ దెబ్బ ఇరుసు గుండా బాల్స్‌కు చేరి కప్పు లోపలి నునుపు మీద గుంటలు పడతాయి.

ఇక బాల్స్. ముందు హబ్బుకు, అంటే చక్రం నడిబొడ్డుకు, 3/16 అంగుళం, వెనుక హబ్బుకూ క్రాంకు ఇరుసుకూ 1/4 అంగుళం కొలత ఉక్కు బాల్స్ వేస్తారు. అరిగిన వాటి మధ్య రెండు కొత్తవి కలపడం పొదుపుగా కనిపిస్తుంది గానీ, మిగిలిన వాటికంటే వెంట్రుకవాసి పెద్దవైన ఆ రెండే భారమంతా మోసి తాము పగులుతాయి, కోనునూ తినేస్తాయి. మార్చితే ఒక పక్క బాల్స్ అన్నీ ఒకేసారి మార్చాలి.

మంగంపేట పరిసరాల్లో ముగ్గురాయిని పొడి చేసే మిల్లులు ఉన్నాయి కాబట్టి అక్కడి ధూళే బేరింగుల్ని అరగదీస్తుందని అనుకోవడం సహజమే. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానం ఈ అనుమానాన్ని సరిచేస్తుంది. ముగ్గురాయి, అంటే బేరియం సల్ఫేటు, చేతికి అనూహ్యంగా బరువుగా తగిలే ఖనిజం. నీటికంటే దాదాపు నాలుగున్నర రెట్లు బరువు, అందుకే చమురు బావులు తవ్వేటప్పుడు బురదను బరువెక్కించడానికి దాన్ని వాడతారు. అయితే దాని గట్టిదనం 3, 3.5 మధ్యే; గట్టిపరచిన ఉక్కు బాల్స్‌ను అది గీయలేదు. దారి దుమ్ములో ఉండే సన్న ఇసుక, అంటే క్వార్ట్జ్, 7వ మెట్టు మీద ఉండి ఉక్కును సైతం గీస్తుంది. గ్రీజులో చిక్కిన ముగ్గురాయి పొడి గ్రీజును ముద్దగా మార్చి పాడుచేస్తుంది, దానితో కలిసివచ్చిన ఇసుక రేణువు కోనును కొరుకుతుంది. అందుకే ఇక్కడి సైకిలుకు బాల్స్‌ను కిరసనాయిలులో కడిగి గ్రీజు మార్చే పని తొందరగా వస్తుంది, హబ్బు అంచున ధూళి చొరకుండా ఆపే సన్న రేకు మూతలు పోతే వెతికి మరీ వేయాలి. పాత సైకిలు తీసుకున్నవారు మొదట విస్మరించేవి ఈ మూతలే.

చైను విషయంలో కొలత తేలిక. పిన్నుకూ పిన్నుకూ ఎడం అర అంగుళం కనుక కొత్త చైనులో 24 ఎడాలు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అది 12 1/16 అయితే చైను మార్చాలి, 12⅛ దాటితే వెనుక పళ్ల చక్రమైన ఫ్రీవీల్ పళ్లు కూడా అదే మేర అరిగి ఉంటాయి కాబట్టి రెండూ కలిపి మార్చాలి. అరిగిన పళ్ల మీద వేసిన కొత్త చైను ఎగిరి పడుతుంది. ఒంటి గేరు సైకిలు చైను లోపలి వెడల్పు 1/8 అంగుళం, గేర్ల సైకిలుది 3/32. సన్న పళ్ల మీద వెడల్పు చైను నడుస్తుంది, వెడల్పు పళ్ల మీద సన్న చైను దిగదు.

ఇక్కడి నుంచి మార్పులు మొదలవుతాయి. అన్నిటికంటే చవకైన, నిజంగా ఉపయోగపడే మార్పు గేర్లు పెట్టడం కాదు, ఫ్రీవీల్ పళ్లు పెంచడం. ముందు 48, వెనుక 18 పళ్లున్న సైకిలు ఒక్క తొక్కుడుకు దాదాపు 6 మీటర్లు పోతుంది. వెనుక 22 పళ్లది వేస్తే 4.9 మీటర్లే పోతుంది గానీ, పాల క్యాన్లతో ఎత్తు ఎక్కేవారి మోకాళ్ల మీద భారం దాదాపు అయిదో వంతు తగ్గుతుంది. నాలుగు పళ్లు పెరిగితే చైనుకు అంగుళం పొడవు ఎక్కువ కావాలి. ఒక జత లింకు కలిపినా సరే, చక్రాన్ని గాడిలో అర అంగుళం ముందుకు జరిపినా సరే. వరుస గేర్ల చక్రం వేయాలంటే మాత్రం 110, 120 మి.మీ. దగ్గర ఉన్న వెనుక ఫ్రేము ఎడాన్ని 126 నుంచి 135 వరకు విప్పాలి. మెత్తని ఉక్కు వంగుతుంది గానీ రెండు వైపులా సమానంగా వంచడం నేర్పు ఉన్నవారి పని.

విద్యుత్ మోటారు కిట్టు వేయడం ఇప్పుడు ఎక్కువ మంది ఆశ. 250 వాట్ల లోపు శక్తి, గంటకు 25 కి.మీ. లోపు వేగం ఉంటే చట్టం దాన్ని మోటారు వాహనంగా పరిగణించదు. అయితే చక్రంలోనే ఇమిడి ఉండే మోటారు హబ్బులకు సాధారణంగా 36 స్పోకు రంధ్రాలుంటాయి, నల్ల సైకిలు రిమ్ములకు 32 లేదా 40. కాబట్టి పాత రిమ్ము పనికిరాదు. 36 రంధ్రాల 26 అంగుళాల రిమ్ము వేస్తే, రిమ్ము లోపలి అంచును పైకి లాగి పట్టే రాడ్డు బ్రేకు దాన్ని అందుకోలేదు, అందుకున్నా ఆ రిమ్ము ఆకారం వేరు. గంటకు 15 నుంచి 25 కి.మీ.కు వేగం పెరిగితే ఆపవలసిన శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది కనుక మోటారు వేసే చక్రానికి బ్రేకు ముందే ఆలోచించాలి. వెనుక చక్రానికి మోటారు వేసి, దానికి కొత్త బ్రేకు బిగించి, ముందు చక్రాన్ని పాత రిమ్ముతో, కొత్త రబ్బర్లు వేసిన రాడ్డు బ్రేకుతో ఉంచడం కొంత నయం.

అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురయ్యేది ఇరుసు కూర్చునే గాడి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పినంత బలంతో దాని ఇరుసు వెనక్కు తిరగజూస్తుంది. ఆ మెలి 30 న్యూటన్ మీటర్లు అనుకుంటే, 10 మి.మీ. ఎడంలో చదును చేసిన ఇరుసు పక్కలు గాడి అంచుల మీద సుమారు 300 కిలోల బరువుతో సమానంగా ఒత్తుతాయి. అందుకే ఇరుసును పట్టుకుని ఫ్రేముకు బిగించే ఉక్కు పట్టీ ఒకటి తప్పనిసరి. పాత గాడి వెడల్పు 9.5 మి.మీ. కాబట్టి మోటారు ఇరుసు అందులో దిగదు. అప్పుడు ఆకురాయి పట్టవలసింది గాడికే, ఇరుసుకు ఎన్నడూ కాదు. గాడిని అర మిల్లీమీటరు పెంచాక మోటారు తీసేసి పాత చక్రం మళ్లీ వేయదలిస్తే, ఇరుసు అంతమేర వదులుగా ఉండి, వెడల్పు వాషరు వేసి గట్టిగా బిగిస్తే గాని నిలవదు.