పశ్చిమ కర్నూలు వంకలపై దారుల నిర్మాణం: పాటించవలసిన నియమాలు

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. తడిసినప్పుడు ఉబ్బి, నీటిని నెమ్మదిగా ఇంకించుకునే ఈ నేలలపై కురిసిన జడివానలో అధిక భాగం త్వరగా వంకలకు చేరుతుంది. ఈ వంకలు చివరకు తుంగభద్ర, హగరి, హంద్రీ నదులలో కలుస్తాయి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండడం వలన వీటి ప్రవాహాన్ని తక్కువగా అంచనా వేసి, ఒకటి రెండు పైపులు పరిచి, పైన మట్టి పోసి దారి వేయడం జరుగుతుంటుంది. దాని ఫలితంగా ఎగువన పైరు మునుగుతుంది, దిగువన గట్లు కోతకు గురవుతాయి. అందువలన దారి అవసరంతో పాటు వంక స్వభావాన్ని కూడా లెక్కలోకి తీసుకొని కట్టడాన్ని రూపొందించాలి.

చట్టపరమైన రక్షణ

2017 నాటి చిత్తడి నేలల పరిరక్షణ నియమాలు నదీ ప్రవాహ మార్గాలకు, సాగునీటి కోసం నిర్మించిన చెరువులకు వర్తించవు. కనుక వంకలకు రక్షణ ప్రధానంగా రాష్ట్ర చట్టాల నుండే లభిస్తుంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) రాష్ట్ర, జిల్లా, మండల స్థాయిలలో ప్రాధికార సంస్థలను ఏర్పరచింది. దీని నియమావళి ప్రకారం వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తవ్వరాదు. 2012లో వెలువడిన జీ.వో. 168, పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగుల అంచు నుండి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పు గల వాటి నుండి 2 మీటర్ల లోపు భవన నిర్మాణాన్ని నిషేధించింది. ఈ హద్దులు భవనాలకు సంబంధించినవి. దారి వాగును దాటవచ్చు, కానీ ప్రవాహాన్ని అడ్డగించరాదు. తుంగభద్ర దిగువ కాలువను గాని, దాని కింద వంక నీరు పోయే సొరంగాలను గాని తాకే పనికి జలవనరుల శాఖ అనుమతి అవసరం.

ప్రవాహపు లెక్క

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం 6 మీటర్ల వరకు పొడవు గల కట్టడం కల్వర్టు. అంతకు మించినది వంతెన. వరదనీరు పైనుండి పారే చప్టాలకు ఎస్.పి. 82 మార్గదర్శకాలు ఉన్నాయి.

ఒక ఉదాహరణ: పరీవాహక ప్రాంతం 100 హెక్టార్లు, వర్షపు తీవ్రత గంటకు 50 మి.మీ., ప్రవాహ గుణకం 0.4 అనుకుందాం. ఈ మూడింటిని గుణించి 360తో భాగిస్తే సెకనుకు సుమారు 5.6 ఘనపు మీటర్ల వరద వస్తుంది. నీటి వేగం సెకనుకు 2 మీటర్లయితే, ఒక మీటరు వ్యాసం గల పైపు సుమారు 1.6 ఘనపు మీటర్లను మాత్రమే పంపగలదు. కనుక నాలుగు పైపులు కావాలి. రెండే వేస్తే, వరద గంటసేపు కొనసాగినప్పుడు సుమారు 8,700 ఘనపు మీటర్ల నీరు ఎగువన నిలుస్తుంది. పది హెక్టార్ల పత్తి చేనులో అది దాదాపు 9 సెంటీమీటర్ల లోతు. నీటి నిల్వను తట్టుకోలేని పత్తిలో ఇది ఆకులు ఎర్రబడటానికి, పూత, మొగ్గ రాలడానికి దారి తీస్తుంది.

నిర్మాణంలో పాటించవలసినవి

• వంక నిటారుగా సాగే చోట, ప్రవాహానికి లంబంగా దాటాలి. మలుపుల వద్ద నిర్మాణం తగదు.
• పైపు అడుగు వంక గర్భం కంటే ఎత్తుగా ఉండరాదు. ఎత్తుగా ఉంటే నీరు జారిపడి దిగువన గుంత పడుతుంది, చేపల రాకపోకలు నిలిచిపోతాయి.
• దిగువన రాతి పరుపు, దాని చివర లోతైన అడ్డుగోడ ఉండాలి.
• ఉబ్బే రేగడి మట్టి పక్క గోడలను నెట్టి పగుళ్లు తెస్తుంది. గోడల వెనుక మొరం లేదా ఇసుక నింపి, నీరు పోవడానికి రంధ్రాలు వదలాలి.
• పనులను వేసవిలో ముగించి, తాత్కాలిక మట్టికట్టలను తొలకరికి ముందే తొలగించాలి.
• గట్లపై వట్టివేరు నాటాలి. వంకలో పెరిగిన సర్కారు తుమ్మను, పేరుకున్న పూడికను ఏటా తొలగించాలి.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

కల్వర్టు నమూనా ఇంజనీరు బాధ్యత. అయితే పొలంలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో, ఎన్ని రోజులు నిలిచిందో రైతుకు తెలుసు. బనవాసి కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థలు గ్రామసభల్లో ఈ సమాచారం సేకరించి, గరిష్ఠ వరద మట్టాన్ని చెట్లపై, రాళ్లపై గుర్తించి పంచాయతీరాజ్ ఇంజనీర్లకు అందించవచ్చు. పని మొదలయ్యే ముందు ఈ గుర్తులను అంచనా పత్రంతో సరిపోల్చడం విద్యార్థులకు మంచి క్షేత్ర అభ్యాసం. ఒక పైపు తగ్గించడం వలన మిగిలే సొమ్మును, ఒక్క వానలో నష్టపోయే పంట విలువతో పోల్చి చూపితే గ్రామసభ సరైన నిర్ణయం తీసుకోగలుగుతుంది.