వంశావళి ఎవరు రాస్తారు?

తొమ్మిదో తరగతి పిల్లలను ఒకసారి, మీ ఇంటి వంశావళి మూడు తరాలకు రాసుకురమ్మన్నాను. వచ్చిన కాగితాలన్నింటిలోనూ తాతలు, తండ్రులు, పెదనాన్నలే. అమ్మమ్మ పేరు రాసింది ఒక్క పిల్ల. ఎందుకు రాశావమ్మా అంటే, "పొలం అమ్మమ్మదే కదండీ మాస్టారూ" అన్నది. మన విమర్శకులు చాలామంది తడమని విషయం ఆ పిల్ల నోట అలవోకగా వచ్చింది. వంశావళి మొదట ఆస్తి పత్రం. రక్తసంబంధం ఆ తర్వాత సంగతి.

కావ్యావతారికలలో కృతిపతి వంశవర్ణనను మనం సంప్రదాయమని చెప్పి దాటవేస్తాం. నన్నయ భారతంలో రాజరాజనరేంద్రుడు పాండవులను తన వంశకర్తలుగా చెప్పుకున్నాడు. తూర్పు చాళుక్యుల సింహాసనం మీద అన్నదమ్ముల తగాదాలు నడుస్తున్న కాలంలో చంద్రుడి దాకా పోయే ఆ వరుస ఊరికే అలంకారం కోసం కాదు. తర్వాత ఎనిమిది వందల ఏళ్ళకు కాలిన్ మెకంజీ, ఏలూరు కావలి సోదరుల సహాయంతో కైఫీయతులు సేకరించినప్పుడు కరణాలు చెప్పినవీ ఇటువంటివే: ఎవరి పూర్వీకులకు ఏ దొర ఏ ఊరు ఎందుకిచ్చాడు? కంపెనీ శిస్తు లెక్కలు తేలుస్తున్న రోజులవి.

దీన్ని మన కృష్ణా డెల్టాలోనే రెండు జమీందారీలలో స్పష్టంగా చూడవచ్చు. ఒకటి దివిసీమలో యార్లగడ్డ వారి దేవరకోట ఎస్టేటు, అంటే చల్లపల్లి. రెండవది నూజివీడు, మేకా అప్పారావుల ఇల్లు. నూజివీడు వంశవృక్షం చూస్తే కొమ్మల మీద కొమ్మలు: వుయ్యూరు, మీర్జాపురం, తేలప్రోలు, ఇంకా మరికొన్ని. చల్లపల్లి మాత్రం ఒకే మోడు, పైకి నిటారుగా పోతుంది. చల్లపల్లి వారికి తమ్ములు లేక కాదు. లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆ రెండు ఇళ్ళకు రెండు రకాల తీర్పులు చెప్పింది గనుక.

నూజివీడు విషయంలో, పాత జమీందారీ పోయి 1802లో కంపెనీ కొత్తగా ఇచ్చింది కాబట్టి పాత ఆచారం దానికి వర్తించదు, సామాన్యుల ఆస్తి లాగే పంచుకోవచ్చునన్నారు. ఆ తర్వాత సుమారు పదేళ్ళకు, 1890లో, యార్లగడ్డ మల్లికార్జున, దుర్గ పేర్ల మీద నడిచిన దావాలో దేవరకోట కుటుంబాచారం ప్రకారం అవిభాజ్యమన్నారు. పెద్దవాడికి ఎస్టేటు, మిగిలినవారికి మనోవర్తి. వాదమంతా వెనుకటి తరాలలో ఎవరి తర్వాత ఎవరు గద్దెనెక్కారన్న దాని మీద. అంటే వంశావళి అక్కడ సాక్షి. అటువంటి పట్టికలలో స్త్రీ కనిపిస్తే దత్తత తీసుకునే వితంతువుగానే కనిపిస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1904లో చట్టం చేసి మరీ కొన్ని ఎస్టేట్లను పంపకానికీ అమ్మకానికీ లొంగకుండా కాపాడింది.

ఇదే ప్రశ్న అమెరికాలో మరో విధంగా తేలింది. జ్యేష్ఠుడికే ఆస్తి దక్కే పద్ధతిని వర్జీనియా రాష్ట్రం 1785లో రద్దు చేసింది. దానికి పూనుకున్నవాడు థామస్ జెఫర్సన్, స్వయాన భూస్వామి. అయితే ఆయన వంశవృక్షమే చూడండి. శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీ పిల్లల పేర్లు రెండు వందల ఏళ్ళపాటు ఆ చెట్టు మీద లేవు. ఆయన పొలం లెక్కల పుస్తకంలో, ఆస్తి కింద, ఉన్నాయి. 1998లో జరిగిన డి.ఎన్.ఏ. పరీక్షలో శాలీ చిన్నకొడుకు సంతతికీ జెఫర్సన్ పురుష వంశానికీ సంబంధం బయటపడింది. చరిత్రకారులలో ఎక్కువమంది ఇప్పుడు ఆ పిల్లల తండ్రి ఆయనేనంటున్నారు. ఒకే మనుషులు ఒక పుస్తకంలో లేకుండా, మరో పుస్తకంలో సరుకుగా ఉండటం, సాహిత్య విద్యార్థి ఆగి ఆలోచించవలసిన చోటు.

దివిసీమ రైతుల పేర్లు కూడా శిస్తు లెక్కల్లో ఉన్నాయి, చల్లపల్లి వంశచరిత్రలో లేవు. ఆ జమీందారీ మీద పోరాడిన తరం నుంచే, చల్లపల్లి పక్కనే ఉన్న మంగళాపురం నుంచి, చండ్ర రాజేశ్వరరావు వచ్చాడు. 1948 చట్టంతో ఎస్టేటు రద్దయింది. రాజా శివరామప్రసాద్ అవనిగడ్డ నుంచి శాసనసభకు వెళ్ళారు. గద్దె పోయినా పేరు పనిచేసింది. అటు నూజివీడు కొమ్మలలో మీర్జాపురం రాజా సినిమాలలోకి దిగాడు. ఆయన భార్య, నటి సి. కృష్ణవేణి నిర్మించిన 'మనదేశం' (1949)తోనే గుడివాడ దగ్గరి నిమ్మకూరు రైతుబిడ్డ ఎన్.టి. రామారావు తెరమీదికి వచ్చాడు. రాజుగారింట పట్టికలకెక్కని పని కోడలు చేసిందన్నమాట!

ఆ రామారావే 1983లో గుడివాడ నుంచి కూడా గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన ప్రభుత్వమే హిందూ వారసత్వ చట్టాన్ని 1986లో సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది, 1985 సెప్టెంబరు నుంచి వర్తించేటట్లు. అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకు మాత్రం లేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005లో గాని రాలేదు.

నా క్లాసులో మిగిలిన పిల్లలను అమ్మమ్మల, నాయనమ్మల పేర్లు కనుక్కుని రమ్మని మళ్ళీ పంపాను. మర్నాడు కొందరు ఆ పేర్లు తెచ్చారు. ముగ్గురు మాత్రం, ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదన్నారు.